ఆపరేషన్ ఉప్పుగాలి

మనిషి చచ్చిపోయింది హోటల్ బాత్‌టబ్‌లో. ఆ మనిషి రాసిన సాఫ్ట్‌వేర్ మాత్రం బతికే ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

“ఐదు మానవరహిత పడవలు,” అన్నాడు డైరెక్టర్, చెడిపోయిన ఏసీ వైపు ఆశగా చూస్తూ. “ముక్కులో పేలుడు పదార్థం. రేపటి డ్రిల్లులో ఒక పాత సరుకుల బార్జిని గుద్ది ముంచాలి. వాటి కంట్రోల్ కోడ్‌ని ఒక విదేశీ ముఠా ఇంజనీరు లాప్‌టాప్‌లోంచి కాపీ చేసుకుని, ఆ తర్వాత ఇంజనీర్ని ముంచింది.”

ఏజెంట్ మోకాలు సర్దుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని పిల్లి అంటారు. ఆ పేరు పెట్టినప్పుడు గోడలు దూకేవాడు. ఇప్పుడు మెట్లెక్కడానికి రెయిలింగ్ పట్టుకుంటున్నాడు. పేరు మార్చే తీరిక మాత్రం ఎవరికీ దొరకలేదు.

“డ్రిల్లు ఆపేయండి.”

“ఆపితే సిగ్నల్ రాదు. సిగ్నల్ రాకపోతే ఆ విదేశీ ముఠా ఎక్కడుందో తెలీదు. పడవలు వాళ్ల చేతిలోకి పోనిద్దాం. సిగ్నల్ ఎక్కణ్ణుంచో మనవాళ్లు పట్టుకుంటారు. పట్టుకోగానే నువ్విది నొక్కు.” బల్ల మీద ఒక పెన్ను పెట్టాడు. “జామర్. దీని దరిదాపుల్లో ఏ రిమోటూ పనిచెయ్యదు.”

‘ఎర’ అనే మాట డైరెక్టర్ వాడలేదు. ‘స్టిమ్యులస్’ అన్నాడు. పాపానికి ఇంగ్లీషు పేరు పెడితే ఫైలు తొందరగా కదులుతుంది.

మర్నాడు పొద్దున ఏజెంట్ మీసం అతికించుకుని, టెంట్ల కాంట్రాక్టరు మనిషిగా జెట్టీ మీద ప్లాస్టిక్ కుర్చీలు మోస్తున్నాడు. కుర్చీలు మోసేవాడి మొహం ఎవరూ చూడరు.

అక్కడి రెజిమెంట్ నిన్నమొన్నటిదాకా ఎడారిలో ట్యాంకులు తోలింది. ఇకమీదట యుద్ధాలన్నీ ఒడ్డునే అని పైవాళ్లు తేల్చారు. ట్యాంకులు లాక్కుని, టాబ్లెట్లు చేతికిచ్చి, సముద్రం పక్కన దింపారు. ఇసుక వాళ్లకు కొత్త కాదు. ఇసుక పక్కన అన్నేసి నీళ్లుండటం కొత్త. ఉప్పుగాలికి డ్రోన్ల రెక్కల దగ్గర్నుంచి బీరువా తాళాలదాకా అన్నీ తుప్పుపడుతున్నాయి.

“ఈ గాలికి బట్టలు ఆరతాయంటారా?”

ముత్యపు రంగు సూటు, నల్లకళ్లద్దాలు, ఎత్తుమడమల చెప్పులు. పడవల కంపెనీకి కన్సల్టెంట్. ముఠాకి మనిషి. ఏజెంట్ డిపార్ట్‌మెంట్‌కీ మనిషే. రెండు రహస్యోద్యోగాలు, ఒక్క సెలవు లేదు. ఆమెను కెంపు అంటారు.

“ఆరినట్టే ఉంటాయి. మడతపెడితే తెలుస్తుంది,” అన్నాడు. కోడ్ కుదిరింది.

“వాళ్ల టార్గెట్ బార్జి కాదు,” అంది కెంపు పెదవులు కదపకుండా. “దళాన్ని తీసుకెళ్లే లాండింగ్ క్రాఫ్ట్. జవాన్లు, వాళ్లతోపాటు పడవల్ని నడిపే కెప్టెన్.”

“కెప్టెన్ ఒడ్డున కదా ఉండాలి?”

“కొత్త పద్ధతి. ఆపరేటర్ దళంతోనే వెళ్లాలట.”

అతని చేతిలో కుర్చీలు బరువెక్కాయి. ఆ కెప్టెన్ అతని అక్క కూతురు. డైరెక్టర్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసే పంపాడు. సొంత పిల్ల ఉంటే పెన్ను నొక్కడం మర్చిపోడని కాబోలు.

“మంత్రిగారు వచ్చి చూడందే డ్రిల్లు మొదలవదు. ఆయన్ని ఎంతసేపు ఆపగలరు?”

“నా దగ్గర తొంభై స్లైడ్లున్నాయి. ఆయన అన్నిటికీ తలూపుతారు. మధ్యాహ్నందాకా లాగుతాను.” ఇసుకలో దిగబడిన మడమ పీక్కుని నిట్టూర్చింది. “ఒక్కసారైనా మామూలు చెప్పులేసుకుని గూఢచర్యం చెయ్యాలని ఉందండీ.”

ఆవిడ అటు వెళ్లిందో లేదో, వెనకనుంచి పిలుపు.

“మావయ్యా?”

హెల్మెట్ చంకలో పెట్టుకుని మేనకోడలు. ఆ మీసం ఆమెను ఒక్క క్షణం కూడా మోసగించలేదు. ఇంట్లోవాళ్ల లెక్కలో అతను నీటి పంపుల సేల్స్‌మన్.

“కంపెనీ ఎప్పుడు మూసేశారు?” అంది మెల్లగా.

“ఈమధ్యే.”

“అమ్మకి చెప్పనులే. మా మెస్సులో స్టోర్‌కీపర్ పోస్టుంది, అడగనా? బరువులెత్తే పనుండదు.”

ఆ జాలికి అతనికి నిజంగానే ఉద్యోగం పోయినట్టనిపించింది.

“అది తర్వాత. ఇవాళ నువ్వు క్రాఫ్ట్ ఎక్కకు. కడుపునొప్పని చెప్పు.”

“ఎందుకు?”

చెప్పకూడదు. “నా మనసేం బాగోలేదు.”

“నేను సైకిలెక్కినా నీ మనసు బాగుండేది కాదు. నా వెనక నలభైమంది ఎక్కుతున్నారు మావయ్యా. ముందు కూర్చునేదాన్ని నేనే దిగిపోతే వాళ్లేం కావాలి?” ఊడుతున్న మీసం కొసను వేలితో నొక్కి అతికించింది. “ఎండలో నిలబడకు.”

వెళ్లిపోయింది. అతను జేబులో పెన్ను తడుముకుంటూ, ఆమె ఎక్కిన క్రాఫ్ట్ దూరంగా చుక్కంత అయ్యేదాకా చూశాడు.

మంత్రిగారు వచ్చేసరికి సూర్యుడు నెత్తికెక్కాడు. ఆయన కళ్లు స్లైడ్లు చూసి చూసి వాచిపోయాయి. కల్నల్ సెల్యూట్ కొట్టి సైగ చేశాడు. జెట్టీ మీది స్పీకర్లో మేనకోడలి గొంతు వినిపించింది.

“పడవలు స్టార్ట్.”

ఐదు ఇంజన్లూ ఒక్కసారిగా అరిచాయి. ఏజెంట్ చెవిలో ఇయర్‌పీస్ గురగురలాడింది. “సిగ్నల్ దొరికింది. తెల్ల షికారు యాట్. నొక్కు.”

స్పీకర్లో మళ్లీ ఆమె గొంతు. “కంట్రోల్ పోయింది. టార్గెట్ మారింది. మా క్రాఫ్టే.” గొంతు వణకలేదు. వణికి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

నొక్కాడు. పెన్ను బటన్ కదల్లేదు. తుప్పు. పళ్లతో కొరికాడు. పన్ను కదిలింది తప్ప బటన్ కదల్లేదు.

అప్పుడు తట్టింది, ఆ ఇంజన్ల చప్పుడులో ఏదో తేడా ఉందని. ఏమీ వెయ్యకుండా తిప్పిన మిక్సీలా అరుస్తున్నాయి. కిందికి తొంగిచూశాడు.

పడవలు నీళ్లలో లేవు. తెల్లవారుజామున, సముద్రం నిండు పోటు మీదున్నప్పుడు, రెజిమెంట్ సార్జెంట్ వాటిని ముందూ వెనకా పొట్టి తాళ్లతో, రైలు వ్యాగన్ మీద ట్యాంకును బిగించినట్టు బిగించాడు. ఎడారిలో అలా బిగించినవేవీ కదల్లేదు. ఇక్కడా కదల్లేదు. కదిలింది సముద్రం. ఆటుకు నీళ్లు దిగిపోయి, ఐదు పడవలూ దండెం మీది బట్టల్లా జెట్టీకి వేలాడుతున్నాయి. ఫ్యాన్లు గాలిని కోస్తున్నాయి.

“మంత్రిగారి ముందు పరువు తీశావు,” అన్నాడు కల్నల్ సార్జెంట్‌తో, పళ్లు నూరుతూ. ఇంజన్ల హోరులో స్పీకర్ మాట ఆయన చెవికెక్కలేదు. “కొయ్ ఆ తాళ్లు.”

బరువుకి బిగుసుకున్న ముడి విప్పడం కుదరక సార్జెంట్ కత్తి తీశాడు. మొదటి పడవ వెనక తాడు తెగి, పడవ ఒక్క కుదుపుతో సగం కిందికి జారింది. ఆ కుదుపుకి ముందు తాడులో రెండు పేటలే మిగిలాయి.

పిల్లి చాలా ఏళ్ల తర్వాత దూకింది. సార్జెంట్ చేతిమీద పడి, రెండు చేతులా తాడు పట్టుకుంది.

“కొయ్యకు.”

“కుర్చీలవాడివి, నీకెందుకయ్యా ఇవన్నీ?”

“నీళ్లు తగిలాయంటే అవి మీ కెప్టెన్‌మీదికే పోతాయి. స్పీకర్ వినవయ్యా బాబూ.”

సార్జెంట్ విన్నాడు. “టాబ్లెట్లో అవింకా జెట్టీ దగ్గరే ఉన్నాయి. తాళ్లు వదలొద్దు,” అంటోంది ఆమె. ఆయన కత్తి పారేసి, కొత్త తాడు లాగి, మూడు ముళ్లేసి బిగించాడు. ముళ్లెయ్యడంలో ఆ మనిషికి తిరుగులేదు. నీళ్లు తగలని ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి కాలి, కంపుకొట్టి, ఆగిపోయాయి. దూరంగా తెల్ల యాట్‌ని గస్తీ పడవలు చుట్టుముట్టాయి.

మేనకోడలు ఒడ్డుకొచ్చింది. దోక్కుపోయిన అతని అరచేతులు చూసింది, భుజం మీద వేలాడుతున్న ఇయర్‌పీస్ చూసింది. పక్కనే కూర్చుని చేతులకు కట్టు కట్టింది. కట్టు చివర ముడేస్తూ అడిగింది.

“అసలెప్పుడైనా పంపులమ్మావా మావయ్యా?”

“రెండు.”

ఆమె నవ్వబోయి, అతని భుజానికి తల ఆనించేసింది. ఆ తల బరువు అక్కడ ఉన్నంతసేపూ అతను కదల్లేదు.

సాయంత్రానికి నీళ్లు మళ్లీ జెట్టీ అంచుదాకా వచ్చాయి. సార్జెంట్ వచ్చి అతని పక్కన నిలబడ్డాడు.

“ఏమయ్యా, ఇవి మళ్లీ ఎక్కాయేంటి?”

“ఎక్కుతాయి. దిగుతాయి.”

“ఎప్పుడెప్పుడు?”

“రోజూ.”

సెలవు చీటీ లేకుండా డ్యూటీ వదిలి వెళ్లొచ్చిన జవానును చూసినట్టు సార్జెంట్ సముద్రాన్ని ఎగాదిగా చూశాడు.

“దీనిమీద కంప్లైంటు ఎవరికివ్వాలి?” అన్నాడు.