ఏడో చెయ్యి

నొప్పి డాక్టరు గారి గదికి కిటికీలు లేవు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ పేలిపోతున్నా లోపల చీకటే. తెర బాగా కనబడాలని లైట్లు తగ్గించి పెడతారు. ఆ చీకట్లో స్పిరిట్ వాసన, ఏసీ గురక, బల్ల మీద పడుకున్నవాళ్ళ మూలుగులు. టెక్నీషియనమ్మ పందొమ్మిదేళ్ళుగా ఆ గదిలోనే పనిచేస్తోంది.

పని చెప్పుకోడానికి చిన్నదే. నడుం పట్టేసినవాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు వచ్చి పడుకుంటారు. ఆమె ఎక్స్‌రే మిషన్‌ను వాళ్ళ మీదికి జరుపుతుంది. డాక్టరు కాలితో పెడల్ నొక్కినప్పుడల్లా లోపలి ఎముకలు తెర మీద కనిపిస్తాయి. వాటిని చూసుకుంటూ సూదిని నొప్పి పుట్టే నరం దగ్గరికి తీసుకెళ్ళి మందు వదులుతాడు. డాక్టరు కుర్రవాడైనా హస్తవాసి మంచిదని పేరు. కాకపోతే ఆ హస్తాన్ని ఎక్స్‌రేకి అడ్డం పెట్టే అలవాటొకటి ఉంది.

"చెయ్యి తీయండి డాక్టర్ గారూ," అని రోజుకు పదిసార్లు చెబుతుంది ఆమె. "పేషెంటు వచ్చింది తన నడుం చూపించుకోడానికి, మీ వేళ్ళు చూడ్డానికి కాదు."

"సరే మేడం గారూ," అని ఆయన నవ్వి తీసేస్తాడు. మళ్ళీ పెడతాడు.

ఏడాదిగా ఆమెకూ నడుం నొప్పి. ఎక్స్‌రే తగలకుండా వేసుకునే సీసపు ఏప్రన్ మోసీ మోసీ వచ్చిందన్నారు అందరూ. ఆమె కూడా అలాగే సరిపెట్టుకుంది. కానీ ఆ నొప్పి ఒకే చోట, నడుముకి ఎడమవైపు, ఎవరో చెయ్యి వేసి అదిమి పట్టుకున్నట్టు ఉండేది. పడుకున్నా వదలదు. ఇంటికి రాగానే మంచం మీద వాలిపోయి, "కాస్త చెయ్యి వెయ్యవే," అని పదహారేళ్ళ కూతుర్ని పిలిచేది. ఆ పిల్ల ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, రెండో చేత్తో అమ్మ నడుం నొక్కుతూ అలాగే కునికిపాట్లు పడేది.

ఆ మాట తన నోటి నుంచి వచ్చినప్పుడల్లా ఆమె ప్రాణం చివుక్కుమనేది. ఎందుకంటే అది తన మాట కాదు, అమ్మ మాట. చివరి రెండేళ్ళూ నడుం నొప్పితో మంచం పట్టిన అమ్మ రోజూ అదే అడిగేది. తను ఊళ్ళో వాళ్ళందరికీ దగ్గరుండి ఇంజక్షన్లు వేయిస్తూ, సొంత తల్లికి మాత్రం "వచ్చే నెల చేయిద్దాంలే" అంటూ గడిపేసింది. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, ఒళ్ళు మండి, "ఎంతసేపమ్మా, నాకూ నడుం ఉంది కదా," అనేసింది. ఆ తర్వాత అమ్మ ఎప్పుడూ అడగలేదు. నెల తిరక్కుండా పోయింది. తనకి నొప్పి మొదలైంది ఆ నెలలోనే.

తనలా తన కూతురు విసుక్కునే రోజు రాకూడదు. అందుకే ఆ రోజు భోజనాల వేళ, పేషెంట్లు ఎవరూ లేనప్పుడు, ఏప్రన్ విప్పి తనే బల్ల ఎక్కింది.

బోర్లా పడుకుని, రెండు చేతులూ నుదుటి కింద పెట్టుకుని, తల పక్కకి తిప్పింది. తెర కనిపిస్తోంది. డాక్టరుకి సూదులు అందించే సిస్టర్ ఆమె నడుముకి చల్లగా మందు రాసింది.

"భయపడకక్కా," అంది సిస్టర్.

"నాకెందుకే భయం. రోజూ చూసే భాగోతమేగా."

డాక్టరు పెడల్ నొక్కాడు. టక్. తన వెన్నెముక తెర మీద తెల్లగా తేలింది. పూసల మీద అడ్డంగా ఒక చెయ్యి.

"చెయ్యి తీయండి డాక్టర్ గారూ," అంది అలవాటుగా.

తెర మీద చెయ్యి అలాగే ఉంది.

"డాక్టర్ గారూ..."

"నా చేతులు రెండూ ఇక్కడే ఉన్నాయి మేడం," అన్నాడు ఆయన నెమ్మదిగా. సూది పట్టుకుని గాల్లోకి ఎత్తి చూపించాడు. "సిస్టర్, నీవి?"

"ట్రే పట్టుకున్నాను సార్..."

ఆమె తన నుదుటి కింద చేతులు కదిపి చూసుకుంది. రెండు. గదిలో ఉన్నది ముగ్గురు. ఆరు చేతులు.

టక్. చెయ్యి అక్కడే ఉంది. ఎడమవైపు పూసల్ని అదిమి పట్టుకుని. సన్నటి ఎముకలు. చిటికెన వేలు మాత్రం మధ్యలో విరిగి, పక్కకి తిరిగి అతుక్కుంది.

ఆ వేలు ఆమెకి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తను తీసిన మొదటి ఎక్స్‌రే అదే. తలుపు సందులో నలిగిన అమ్మ చెయ్యి.

ఏసీ గురక ఆగిపోయింది. స్పిరిట్ వాసన మీదుగా, అమ్మ నడుముకి రాసుకునే తైలం వాసన...

"ఆపేద్దామా?" అని అడిగాడు డాక్టరు.

ఆపేస్తే మళ్ళీ ఆ మంచం. మళ్ళీ ఆ పిల్ల కునికిపాట్లు. ఆమెకు ఏడుపొచ్చింది. అలసట ముందు భయం కూడా నిలబడలేదు.

"ఆపొద్దు. వెయ్యండి." తర్వాత ఎవరికీ వినపడకుండా, బల్లకి పెదాలు ఆనించి అంది... "అమ్మా, చెయ్యి తియ్యి. ఇంక మొయ్యలేను."

సూది దిగింది. టక్. చూపుడు వేలు లేచింది. టక్. మధ్య వేలు... ఉంగరం వేలు... బొటనవేలు. ఆఖరికి ఆ వంకర వేలు. అడిగినదానికి అడ్డు చెప్పడం అమ్మకి ఎప్పుడూ చేతకాదు.

టక్. తెర మీద ఉత్త వెన్నెముక.

"మిషన్ పాతదైపోయింది. కంప్లెయింట్ పెడదాం," అన్నాడు డాక్టరు, ఎవరి మొహమూ చూడకుండా.

సాయంత్రానికి నొప్పి లేదు. ఏడాది తర్వాత మొదటిసారి నిటారుగా నిలబడి, తనే టీ పెట్టింది. రెండు కప్పులూ రెండు చేతుల్లో పట్టుకుని కూతురి గదికి వెళ్ళింది. ఈ రోజు నుంచి నువ్వు హాయిగా చదువుకోవే అని చెప్పాలి.

పిల్ల గుమ్మం వైపు కాళ్ళు పెట్టి, మంచం మీద బోర్లా పడుకుని చదువుకుంటోంది. అడుగుల చప్పుడుకి తలెత్తలేదు.

"అమ్మా, చెయ్యి తియ్యవా," అంది విసుగ్గా. "ఇందాకట్నుంచీ బరువుగా ఉంది."

ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది. పిల్ల చొక్కా నడుముకి ఎడమవైపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. నాలుగు వేళ్ళ మేర తిన్నగా. చివర చిటికెన వేలు ఒక్కటే, పక్కకి తిరిగి.