దానంతటదే తెరుచుకున్న నాళం

పొద్దున్నే పాప గౌను గుండీ ఊడిపోయింది. సూది కోసం కోడలు మామగారి కుట్టుమిషను సొరుగు లాగింది. దారపు ఉండల కింద మాత్రలు కనిపించాయి. ఆయన రోజూ టిఫిను తర్వాత వేసుకోవాల్సినవి.

ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి పదకొండు రోజులైంది. గుండెలోకి సన్నటి గొట్టం పంపి చూసేసరికి, మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకునే ఉందన్నాడు డాక్టరు. గడ్డ దానంతటదే కరిగిందట. కొందరికి అలా జరుగుతుందట. నాళం గోడ మాత్రం ఇంకా పాడయ్యే ఉంది, మాత్రలు మానితే మళ్లీ మూసుకోవచ్చు అనీ అన్నాడు. ఇంట్లోవాళ్ల చెవికి మొదటి సగమే ఎక్కింది.

మామగారు బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దగీత వెంట కత్తెర నడుపుతున్నారు.

"మావయ్యా, ఇవేంటి?"

ఆయన తలెత్తలేదు. "చూసేశావా. అవి వేసుకుంటే తల తేలిపోతోందమ్మాయ్. గీత ఒక దారి, కత్తెర ఒక దారి."

"డాక్టరుకి చెప్పాల్సింది."

"ఏమని చెప్పను? అదే మూసుకుంది, అదే తెరుచుకుంది. మధ్యలో నేనెవర్ని?"

వంటగదిలోంచి అత్తగారు అందుకున్నారు. "నలభై ఏళ్లుగా తలుపు తట్టినట్టు తడుతున్నా ఈయన బుర్ర తెరుచుకోలేదు. గుండే నయం."

కోడలు నవ్వలేదు. ఈ పదకొండు రోజులుగా ఆమెకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. జ్వరం లేకపోయినా గంటకోసారి పాప నుదురు తాకి చూడటం, వండటం, వడ్డించటం. అంతే.

"ఆ రోజు మీరు ఛాతీ పట్టేస్తోంది, బండి పిలవమన్నారు," అంది. "పాప అప్పుడే నిద్రపోయింది. లేస్తుందేమోనని, గ్యాసేలెండి, కాసేపు పడుకోండి అన్నాను. గంట పడుకోబెట్టాను."

కత్తెర ఆగింది.

"దానంతటదే తెరుచుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే?" పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా ఉంది ఆమె గొంతు. "ఎవరికీ చెప్పలేదు. ఇంకోసారి అదృష్టానికి వదిలేయటం నా వల్ల కాదు మావయ్యా."

అత్తగారు స్టవ్వు ఆపి గుమ్మంలోకి వచ్చారు.

మామగారు బల్ల మీద రెండు చేతులూ ఆనించారు. "నీ గంట ఒక్కటే కాదు. నొప్పి ముందురోజు సాయంత్రం నుంచే ఉంది. కుడుతున్న కోటుకి చేతులు అతికించేదాకా నోరు విప్పలేదు నేను. ఇన్నాళ్లూ ఆ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని నాకూ భయమే."

అత్తగారు భర్తని చూశారు, తర్వాత కోడల్ని. "ఇద్దరూ ఇద్దరే," అన్నారు మెల్లగా.

"నీళ్లియ్యమ్మాయ్," అన్నారాయన. "రేపు డాక్టరు దగ్గరికి నువ్వూ రా. తల తేలిపోయే సంగతి నువ్వే చెప్పు. నేనైతే మళ్లీ దాస్తాను."

ఆయన మాత్ర మింగారు. గుటక దిగేదాకా కోడలు అక్కడే నిలబడింది. గ్లాసు తిరిగి అందుకుని పక్కన పెట్టింది. అక్కడే నేల మీద చతికిలబడింది. ఏడుపు ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియలేదు.

అత్తగారు వంగి, బల్ల కింద ఆడుకుంటున్న పాపని ఎత్తుకున్నారు. "దీన్ని నేను చూసుకుంటాలే. నువ్వు ఏడ్చెయ్."