తుపాకుల మేస్త్రి ఆకురాయి

రైలు గేటు పక్క సందు చివర తుపాకుల మేస్త్రి కొట్టు ఉంది చూశారూ... దీపాలు పెట్టే వేళ దాటితే దాని ముందు నుంచి ఎవరూ నడవరు. కాళ్ళు పీకినా సరే, చుట్టు తిరిగే వెళ్తారు. మేస్త్రి పోయి ఇరవై ఏళ్ళవుతోంది. కానీ రెండేళ్ళుగా, చీకటి పడ్డాక, మూసిన తలుపుల వెనక ఆకురాయితో ఇనుము గీకుతున్న చప్పుడు.

కర్ర్... కర్ర్... కర్ర్...

సరిగ్గా పన్నెండు సార్లు. తర్వాత నిశ్శబ్దం. పాలవాడు లెక్కపెట్టాడు, పోస్టుమాన్ లెక్కపెట్టాడు. పన్నెండే.

ఈ మాట విని నవ్వినవాడు ఒక్కడే, భూతద్దం. పాత వస్తువులకి వెల కట్టే పెద్దమనిషి. మెడలో ఎప్పుడూ ఆ అద్దం వేలాడుతుంటుంది కనక ఊరు ఆ పేరే ఖాయం చేసింది. ఆయన అసలుదంటే అసలుది, నకిలీ అంటే నకిలీ. ఇక దానికి తిరుగు లేదు.

ఆయన నవ్వింది ధైర్యం వల్ల కాదు లెండి. లెక్క తెలిసి.

ఇరవై ఏళ్ళ కిందట మేస్త్రి ఒక చెకుముకి పిస్తోలు అమ్మకానికి పెట్టాడు. ముత్తాత చేతి పని, జతలో ఒకటి. రెండోది ఇంట్లోనే ఎక్కడో ఉండాలి, కనపడటం లేదనేవాడు. వెల కట్టడానికి భూతద్దాన్నే పిలిచాడు. "అన్నయ్యా" అని నోరారా పిలుచుకునే మనిషి మరి. గొట్టం విప్పి తిరగేస్తే, అడుగున ముత్తాత కొట్టిన పిచ్చుక ముద్ర. వెలంతా ఆ ముద్రలోనే ఉంది.

"తమ్ముడూ, కాస్త టీ పట్టుకురా," అన్నాడు భూతద్దం.

మేస్త్రి వీధి మలుపు తిరిగాడో లేదో, ఈయన బల్ల మీది ఆకురాయి అందుకుని పిచ్చుకని గీకేశాడు. పదిహేను సార్లు. పైన నూనె, మసి కలిపి రుద్దాడు. కొనే ఆసామి వచ్చాక అందరి ముందూ పెదవి విరిచాడు. "ముద్ర ఏదయ్యా? ఎవరిదో చెరిపేసి ముత్తాతదంటున్నావు. నకిలీ."

మేస్త్రి పరువు మట్టిలో కలిసింది, రిపేరుకి తుపాకీ ఇచ్చేవాడే లేకపోయాడు. ఏడాది తిరక్కుండా ఆ బల్ల మీదే తల వాల్చేశాడు. పిస్తోలు మాత్రం మూడో మనిషి చేత పాత ఇనుము ధరకి కొనిపించి, భూతద్దం తన బీరువాలో పెట్టుకున్నాడు. ముద్రున్న రెండోది దొరికిననాడు, పక్కన పెట్టి ఇదీ అసలుదే అనిపించొచ్చని. జత అయితే ఒక ఇల్లు కొనొచ్చు. వింటుంటే కడుపు మండిపోదూ?

అందుకే ఆయన నవ్వాడు. మేస్త్రి దెయ్యమే అయితే పదిహేను గీకాలి కదా. పన్నెండంటే ఎవడో ఆకతాయి.

అలాంటి రోజుల్లో ఒక ఆడగొంతు ఫోన్ చేసింది. ఆ కొట్టు తీసుకున్నాననీ, బల్ల కింద చాటు అరలో పాత పిస్తోలు దొరికిందనీ, పని ముగిశాక సాయంత్రం ఏడింటికి రమ్మనీ. భూతద్దం ఆరున్నరకే బయల్దేరాడు, భుజం సంచీలో మొదటి పిస్తోలు పెట్టుకుని.

కొట్లో కరెంటు లేదు. లాంతరు వెలుగులో పాతికేళ్ళ అమ్మాయి. అదే బల్ల. వెనక గదికి తాళం.

పిస్తోలు చేతిలోకి తీసుకుని అద్దం పెట్టాడు. పిడి అరిగి నున్నబడింది. ఇత్తడి నల్లబడింది. మరమేకుల తలల మీది గాడులు చెదరలేదు, అంటే ఎవరూ ఈమధ్య విప్పలేదు. తుప్పు ఒకే తీరుగా ముదురు గోధుమ రంగు. పూసిన తుప్పయితే ఎర్రగా, మచ్చలుగా ఉంటుంది. మెల్లగా గొట్టం విప్పి తిరగేశాడు...

పిచ్చుక. దాని కింద రెండు అనే అంకె.

జత దొరికింది. మొహంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు. "పాత ఇనుమమ్మా. నీ మొహం చూసి ఒక నెల అద్దెపాటి డబ్బు ఇస్తాను."

"ముద్ర ఏదో ఉన్నట్టుందండీ?"

"అలాంటివి బోలెడు." సంచీలోది తీసి పక్కన పెట్టి చూసుకోవాలి. ఒంటరిగా ఒక్క నిమిషం దొరికితే చాలు. "గొంతు ఎండిపోతోంది. కాస్త టీ పట్టుకొస్తావా తల్లీ?"

అమ్మాయి కదల్లేదు.

"నాన్ననీ ఇలాగే పంపారు... పెదనాన్నా."

లాంతరు వత్తి చిటపటలాడింది. భూతద్దం కూర్చున్నచోటే వెనక్కి జరిగాడు.

"నాకప్పుడు ఆరేళ్ళు. ఈ బల్ల కిందే ఉన్నాను. మీరిచ్చిన పిప్పరమెంటు చప్పరిస్తూ లెక్కపెట్టాను. నాకప్పటికి పన్నెండు దాకానే వచ్చు." ఆమె గొంతు పెంచలేదు. "రెండేళ్ళుగా ఇక్కడ గీకుతున్నది నేనే. భయపెడితే మీ అంతట మీరే ఒప్పుకుంటారనుకున్నాను. మీరు నవ్వుతున్నారని తెలిసింది. అందుకే ఫోన్ చేశాను."

ఒక కాగితం, కలం బల్ల మీద పెట్టింది.

"నాన్న నకిలీ అమ్మలేదని రాయండి. ముద్ర ఎవరు చెరిపారో రాయండి. నాకు డబ్బొద్దు."

భూతద్దానికి ఊపిరి తిరిగొచ్చింది. దెయ్యం కాదు, పిల్ల. "ఆరేళ్ళ పిల్ల చూసిందట! నా మాట ముందు నీ మాట ఎవరు నమ్ముతారమ్మా?"

"అప్పుడూ ఎవరూ నమ్మలేదు. నాన్న ఒక్కడే నమ్మాడు."

ఆయన సంచీ భుజాన వేసుకుని లేచాడు. గడప దాకా వెళ్ళాడు.

కర్ర్...

వెనక గదిలోంచి.

"ఇంకా నాటకమేనా?" అంటూ తిరిగాడు. అమ్మాయి రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి, లాంతరు పక్కన. ఆమె కూడా ఆ తాళం వైపే చూస్తోంది.

కర్ర్... కర్ర్...

ఆమె పెదవులు కదులుతున్నాయి, చిన్నపిల్ల లెక్కపెడుతున్నట్టు. పది... పదకొండు... పన్నెండు.

ఆగింది.

కర్ర్.

కర్ర్.

కర్ర్.

"లోపల ఎవరూ లేరండీ," అంది ఆమె గుసగుసగా. "తాళం నేనే వేశాను. నేనెప్పుడూ... పన్నెండు దాటలేదు."

సంచీ ఆయన భుజం మీంచి జారి పడింది. మొదటి పిస్తోలు నేల మీదికి దొర్లింది. దాన్ని తీసుకోవాలని కూడా తోచలేదు ఆయనకి. వచ్చి కూర్చుని కలం అందుకున్నాడు. మేస్త్రి పేరు రాశాడు, టీకి పంపడం రాశాడు, మసి పూయడం రాశాడు, అసలుదాన్ని నకిలీ అనడం రాశాడు. చెమట కాగితం మీద పడుతోంది. ఎన్నిసార్లు గీకాడో అది మాత్రం వదిలేసి, సంతకం పెట్టబోయాడు.

తాళం వెనక, ఇనుము మీద ఆకురాయి ఆనించిన సన్నని చప్పుడు. గీకలేదు. ఆనించి... ఆగింది.

పదిహేను సార్లు, అని రాశాడు. కింద సంతకం పెట్టాడు.

అమ్మాయి కాగితం కోసం చెయ్యి చాచింది. ఆయన ఆమె వైపు చూడనే లేదు. రెండు చేతులా కాగితం పైకెత్తి, రాసిన వైపు తిప్పి, ఆ తాళం వేసిన తలుపుకి చూపించాడు.