సున్నా చూపిన పొర

ఉదయం ఎనిమిదింటికి బోయిగూడలోని తన గదిలో శాస్త్రవేత్త జకర్యా శవమై కనిపించాడు. టీ కప్పులో విషం. పదింటికల్లా ఏజెంట్ జెరెమియా తన బాస్ పద్మనాభం ముందు నిలబడ్డాడు. పదేళ్ళు చర్చి కాయిర్‌లో జకర్యా పక్కన నిలబడి పాడినవాడు. అయినా కంట్లో చెమ్మ లేదు. ఏడుపు రానందుకు సిగ్గు కూడా వేయలేదు.

"జకర్యా చేసిన ఫిల్మ్ పోయింది," అన్నాడు పద్మనాభం. "గాజు పలక మీద కంటికి ఆనని పొర. మన సైన్యం రహస్య సందేశాలు రేపట్నుంచి దాన్లోంచే పోవాలయ్యా. అది బయటికెళితే మన గుట్టంతా వాళ్ళ చేతిలో ఉన్నట్టే. విషం పెట్టి ఎత్తుకెళ్ళింది డోరా."

డోరా జకర్యా సెక్రటరీ. శత్రువుల సమాచారం మనకు అమ్మేది, మన సమాచారం వాళ్ళకు అమ్మేది.

"కొనేదెవరు సార్?"

"ఆర్థర్. డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్. వాణ్ణి ముట్టుకోలేం, బ్యాగ్ తెరవలేం. సరుకు పరీక్షించడానికి వస్తున్న వాడి లేజర్ టెక్నీషియన్‌ని ఎయిర్‌పోర్టులో ఆపేశాం. ఆ మనిషిని వాళ్ళిద్దరూ ఎప్పుడూ చూడలేదు. ఆ వేషంలో నువ్వెళ్ళు. ఆర్థర్ తనంతట తనే ఫిల్మ్ వద్దనాలి."

మధ్యాహ్నం పన్నెండు. బేగంపేటలో హోటల్, ఏడో అంతస్తు. జెరెమియాకు పెట్టుడు మీసం, సోడాబుడ్డి కళ్ళజోడు, చొక్కా గుండీలో మైక్.

"కాప్రా చెరువు నిండిందా?" తలుపు సందులోంచి ఆడగొంతు.

"గండి పడ్డది," టెక్నీషియన్ దగ్గర రాబట్టిన సంకేతం చెప్పాడు జెరెమియా.

తలుపు తెరుచుకుంది. ఎర్ర పట్టుచీరలో డోరా. సోఫాలో ఆర్థర్, పుస్తకాల్లో తెలుగు నేర్చుకున్న దొర.

"శీఘ్రముగా పరీక్షించుము. కారు వేచియున్నది."

సూట్‌కేసు తెరిచి లేజర్ బిగించాడు జెరెమియా. కంటికి కనిపించని కిరణం పొరలోకి వెళ్ళి పచ్చకాంతిగా బయటికొస్తే అసలు సరుకు. ఆ పచ్చదనం ఎంత పెరిగి ఎంత తగ్గిందో కొలిస్తే అణువులు ఏ కోణంలో నిలబడ్డాయో తెలుస్తుంది. ఈ పొరలో అణువులన్నీ నిటారుగా నిలబడి ఉంటాయి. కిరణం తిన్నగా తగిలితే అవి పలకవు, పచ్చకాంతి రాదు. పలకను ఏటవాలుగా వంచాలి. జెరెమియా తిన్నగా పెట్టాడు.

మీటర్ మీద సున్నా.

ఆర్థర్ చెయ్యి కోటు లోపలికి వెళ్ళింది. డోరా ముఖం పాలిపోయింది.

"ఏందీ? జెర తిప్పి చూడు! జకర్యా సార్ గుండ్రటి పిడి తిప్పుతుంటే నేను సుత చూసిన."

ఆ పిడి తిప్పితే పలక వంగుతుంది. అప్పట్లో గుమ్మంలోంచి తొంగిచూసిన డోరా పిడినే చూసింది, పలకను చూడలేదు.

"మీరన్నట్టే చేస్తా మేడమ్," అని పలకను వంచకుండా, ఉన్నచోటనే చుట్టూ తిప్పాడు. పూర్తి చుట్టు. సున్నా. మరో చుట్టు. సున్నా.

కింద కారు హారన్ మోగింది. ఆర్థర్ చటుక్కున పలకను లాక్కుని బ్యాగులో వేసుకున్నాడు. "పోనిమ్ము. మా దేశమున పరీక్షింతురు."

జిప్ సగం దాకా వచ్చింది.

"తీస్కపోండి సార్," అన్నాడు జెరెమియా నిమ్మళంగా. "గాజుముక్క ఎందుకు తెచ్చినవని మీ వాళ్ళడిగితే జవాబు మీరే చెప్పుకోవాలె."

జిప్ ఆగింది. ఆర్థర్ పలకను తీసి బల్ల మీద పడేసి, "నకిలీ!" అంటూ తలుపు విసురుగా వేసుకుని వెళ్ళిపోయాడు.

పద్మనాభం పంపిన మహిళా పోలీసులు లోపలికొచ్చారు. జెరెమియా మీసం పీకేసి పలకను మళ్ళీ లేజర్ ముందు పెట్టి కొద్దిగా వంచాడు. మీటర్ ముల్లు చివరికంటా పోయింది.

"గింతేనా?" అంది డోరా నీరసంగా.

"గింతనే. దీనికే జకర్యాకు పదకొండేండ్లు పట్టింది."

ఆ మాట అన్నాక జెరెమియా కళ్ళజోడు తీసి కుర్చీలో కూలబడి, పోలీసులు చూస్తున్నారని కూడా లేకుండా వెక్కివెక్కి ఏడ్చాడు.

సాయంత్రం రిపోర్టులో పద్మనాభం రాశాడు: 'శత్రువు సరుకును క్షుణ్ణంగా పరీక్షించి, మనకే వాపసు ఇచ్చి వెళ్ళాడు.'