యాభై మూడు కిలోల చోటు

పొద్దున్నే కోచ్‌గారు మంచం అంచున కూర్చుని మోకాళ్లకి పట్టీలు చుట్టుకుంటున్నారు. హైస్కూల్లో పిల్లలకి కుస్తీ నేర్పడం మొదలుపెట్టి ముప్ఫై ఒక్క ఏళ్లయింది. మొదట్లో పట్టీ కుడి మోకాలికి ఒక్కదానికే ఉండేది. తరవాత ఎడమదీ అలిగింది. ఈ ఏడాది పరీక్షలయ్యేసరికి రిటైర్మెంటు. ఆ తరవాత ఏం చేస్తారని ఎవరడిగినా ఆయన జవాబు ఒకటే: "పడుకుంటాను."

"పడుకుందురుగాని, ముందొచ్చి మీ మనవరాలి సంగతి చూడండి," అని వంటింట్లోంచి భార్య కేకేసింది. "గుడ్డు వద్దట, పాలు వద్దట. పెట్టిన రొట్టె పెట్టినట్టే ఉంది."

మనవరాలికి పద్నాలుగేళ్లు. బళ్లో ఏ పేరున్నా ఇంట్లో మాత్రం పిడుగు. నిరుడే తాతగారి జట్టులో చేరింది. చల్లారిపోయిన పాలకేసి చూస్తూ బల్ల దగ్గర కూర్చుంది.

"ఆకలి లేదు అమ్మమ్మా."

"నీకా? మొన్నటిదాకా నా కంచంలోది కూడా లాక్కుని తిన్నదానివి!"

కోచ్‌గారు ఏమీ ఎరగనట్టు పేపరు తెరిచారు.

అప్పుడే కూతురు ఆసుపత్రి నుంచి వచ్చింది. ఆమె నర్సు. భర్త ఉద్యోగం వేరే ఊళ్లో కావడంతో పిల్లతో పుట్టింట్లోనే ఉంటోంది. చెప్పులు విప్పుతూ కూతురి మొహం చూసింది, ముట్టని పళ్లెం చూసింది, స్నానాల గది ముందుకి జరిపి పెట్టిన బరువు మిషను చూసింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఎన్ని కిలోలు దిగమన్నారు?"

పిడుగు తాతకేసి చూసింది.

"నిన్నేనే అడిగేది."

"మూడు," అంది పిడుగు. "పోటీలకింకా పన్నెండు రోజులున్నాయిగా అమ్మా. యాభై మూడు కిలోల్లో నేనూ, బస్సు డ్రైవరుగారి అమ్మాయీ ఇద్దరం ఉన్నాం. ఒక్కళ్లనే పంపాలి. నేను యాభైకి దిగితే ఇద్దరం వెళ్లొచ్చని తాతయ్య..."

"సరే, నువ్వు స్నానానికి వెళ్లు."

పిల్ల లోపలికెళ్లి తలుపు వేసుకునేదాకా కూతురు ఆగింది. ఆ ఆగడం చూసి కోచ్‌గారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఒకే బరువులో ఇద్దరుంటే మ్యాట్ మీద తేల్చుకోవాలి, గెలిచిన వాళ్లు వెళ్లాలి. మీరు పెట్టిన పద్ధతే కదా నాన్నా? బళ్లో గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు కూడా."

"యాభైలో మనకెవరూ లేరమ్మా. ఆ చోటు ఊరికే పోతుంది."

"అయితే డ్రైవరుగారి అమ్మాయిని దిగమనొచ్చుగా?"

కోచ్‌గారు మడిచిన పేపరుని ఇంకోసారి మడిచారు. "ఆ పిల్లనెలా అంటాను? మనవరాలి కోసం ఎవరి పిల్లనో మాడ్చాడంటారు."

"అందుకని మన పిల్లని మాడుస్తారు."

"నెమ్మదిగా మాట్లాడవే, దానికి వినిపిస్తుంది," అంది తల్లి.

"విననీ అమ్మా. పదహారేళ్లప్పుడు నేనూ యాభై మూడే. లెక్కల మేష్టారి అమ్మాయీ యాభై మూడే. అప్పుడూ మాకు పోటీ పెట్టలేదు. నన్ను దిగమన్నారు, అంతే. పది రోజులు చెమట పట్టాలని ప్లాస్టిక్ కోటు వేసుకుని మేడమెట్లు ఎక్కి దిగాను. చివరి రోజు గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. పొద్దున్నే లేచాక నిద్ర పట్టిందా అని నాన్న అడుగుతారేమోనని చూసేదాన్ని. మిషను ఎక్కు అనేవారు."

"దిగావుగా మరి," అన్నారు కోచ్‌గారు. అన్నాక, అనకుండా ఉండాల్సిందనిపించింది.

"దిగాను. మొదటి ఆటలోనే రెండు నిమిషాలకి కాళ్లు వణికి పడిపోయాను. తిరిగొస్తూ బస్సులో మీరేమన్నారో గుర్తుందా? నీకు పట్టుదల చాల్లేదన్నారు."

ఆయనకి నిజంగా గుర్తు లేదు. ఇన్నేళ్లలో ఓడిన పిల్లలెంతమందికో ఆ మాట అని ఉంటారు. కొందరు పళ్లు కొరుక్కుని మర్నాడు ముందే వచ్చేవారు, కొందరు అసలు రాలేదు. రానివాళ్ల గురించి ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. తన ఇంట్లోనే ఒకరున్నారని ఇప్పుడు తెలిసింది.

"మళ్లీ నేను మ్యాట్ ఎక్కలేదు. ఎందుకని మీరు అడగలేదు," అంది కూతురు. గొంతులో కోపం కూడా అయిపోయి ఒట్టి అలసటే మిగిలింది. "ఇవాళ అది తిండి మానేస్తే ఇవాళే జట్టు మాన్పిస్తాను. మీకిది ఆఖరి ఏడాదని కూడా చూడను."

ఆమె గదిలోకి వెళ్లిపోయింది. భార్య వచ్చి పిడుగు పళ్లెం తీసింది.

"అప్పుడు దాని పళ్లెం కూడా ఇలాగే తీసేదాన్ని," అంది. "మీకు తెలిసే చేస్తున్నారనుకున్నాను."

ఆ రోజు బళ్లో కోచ్‌గారు చాలాసేపు మ్యాట్‌ల గుట్ట మీద కూర్చుండిపోయారు. ఆ హాలు నిండా ఫినాయిలు వాసన, చెమట మేజోళ్ల వాసన. సగం జీవితం ఇందులోనే గడిచిపోయింది. సాయంత్రం ఇద్దరాడపిల్లల్నీ పిలిచి శుక్రవారం పోటీ అన్నారు.

"మరి యాభై తాతయ్యా?"

"బళ్లో సార్ అనమన్నానా? యాభై ఖాళీగా పోనీ. ఇంటికెళ్లి అన్నం తిను."

శుక్రవారం విజిలు డ్రిల్లు మేష్టారి చేతిలో పెట్టి ఆయన తల్లిదండ్రుల బెంచీ దగ్గరికి వచ్చారు. ఆ బెంచీ మీద ఎప్పుడూ కూర్చోలేదు. కూతురు ఆశ్చర్యంగా చూసింది.

"మీరక్కడ ఉండాలి కదా?"

"ఇవాళ దాని తాతని."

పిడుగు బాగానే పట్టింది. చివరి దాకా ఒక్క పాయింటు ముందుంది. ఆఖరి క్షణాల్లో డ్రైవరుగారి అమ్మాయి దాని నడుం కింద దూరి దాన్ని ఎత్తి పడేసింది. అంతే. విజిలు పడింది. పిడుగు లేచి ప్రత్యర్థికి చెయ్యిచ్చింది, గోడవైపు తిరిగి నిలబడింది.

"ఓడిపోయింది," అంది కూతురు.

"ఆఁ."

కోచ్‌గారు మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చున్నారు. "నీకీ ఆట కూడా ఇవ్వలేదమ్మా నేను," అన్నారు.

"ఇస్తే గెలిచేదాన్ని నాన్నా."

"తెలుసు."

ఆమె చటుక్కున తిరిగి చూసింది.

"గెలుస్తావని తెలిసే పెట్టలేదు. లెక్కల మేష్టారు నా ఎదురుకుర్చీలోనే కూర్చునేవాడు. కూతురికి చోటిప్పించుకున్నాడని స్టాఫ్ రూములో అంటారని భయం. ఆ భయం నాది. మాడింది నువ్వు. పైగా నిన్నే తప్పు పట్టాను."

"ఇరవై రెండేళ్లు నాన్నా," అంది ఆమె. ఆసుపత్రిలో ఎన్ని చావులు చూసినా తడవని కళ్లు ధారగా కారుతున్నాయి. "ఆ రెండు నిమిషాల గురించి ఎన్నిసార్లు ఆలోచించానో. నాలో ఏం తక్కువైందా అని."

"ఏమీ తక్కువవలేదు తల్లీ." పిల్లలు చూస్తున్నారని కూడా అనుకోకుండా ఆయన కూతురి చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. ఆమె వెనక్కి లాక్కోలేదు.

పిడుగు మొహం తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"సార్, నేనెక్కడ పట్టు వదిలేశాను?"

ఎడమ కాలు దగ్గర. ఆయనకి స్పష్టంగా కనిపించింది. ఓడిన పిల్లల్ని నిమిషం కంటే ఎక్కువ ఏడవనివ్వని మనిషి, జవాబు నోటిదాకా వచ్చినా ఆగిపోయారు.

"రేపు చెప్తాను. ఇలా వచ్చి కూర్చో."

ఆయన పక్కకి జరిగారు. పిడుగు ఇద్దరి మధ్యా కూర్చుని, తల్లి భుజంలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కోచ్‌గారు దాని వీపు నిమురుతూ కూర్చున్నారు. ఊరుకో అనలేదు.