విప్పకూడని పెట్టె

పొద్దున కాఫీ తాగి లోటా కింద పెట్టగానే కేశవప్ప చొక్కా జేబులోంచి చిన్న అట్టపెట్టె తీసి కోడలి ముందు పెట్టాడు. కొన్నది నిన్ననే. నిన్న నవమి కదా, మంచి వస్తువు చెడ్డరోజు చేతికివ్వకూడదని రాత్రంతా జేబులోనే దాచుకున్నాడు మహానుభావుడు!

“కంప్యూటర్‌కు మెమరీ చాలలేదంటివి గదమ్మా. అంగట్లో అన్నిట్లోకీ కొత్తది ఇమ్మని తెచ్చినా. పెట్టుకో.”

అమృత అట్టపెట్టె విప్పి లోపలి ర్యామ్ ముక్కను చూసింది. ముఖంలో సంతోషమూ దిగులూ ఒకేసారి కనిపించాయి.

“దీన్ని యాడ పెట్టాలనుకున్నారు మామా?”

“ఆ పెన్‌డ్రైవ్ దూర్చే బొక్కలోనే గదా?”

వంటింట్లోంచి సుబ్బక్క, “నీకు తెలిసినట్టే ఉండాదిలే!” అంది మొగుణ్ణి.

“అది కాదు మామా. కంప్యూటర్ పెట్టెనే విప్పి లోపల పెట్టాల. ముందుండేది ఏ రకమో చూసి, దానికి సరిపోయేదే తేవాల. కొత్తదైతే సరిపోదు. దీని గంటు ఒక తావున ఉండి, ఆడ గాడిలో పన్ను ఇంకో తావున ఉంటే దిగనే దిగదు.”

విప్పాలనే మాట వినగానే కేశవప్ప ముఖం మాడిపోయింది.

ఆ కంప్యూటర్ కొడుకు మోహన్‌కుమార్ తన చేత్తో బిగించింది. రెండేళ్ళ కింద కృష్ణగిరి రోడ్డు మీద బండి గుద్దుకుని వాడు పోయాడు. ఆ రోజు నుంచి దాని స్క్రూ మీద ఎవరి చెయ్యీ పడనివ్వలేదు కేశవప్ప. ఆయుధపూజకు దానికి విభూతి పట్టెలు తీర్చి, బొట్టు పెట్టి, ఇల్లంతా కమ్ముకునేట్టు సాంబ్రాణి పొగ వేస్తాడు. మూకండపల్లిలో ఎవరింట్లోనూ కంప్యూటర్‌కు అంత మర్యాద జరిగి ఉండదు.

దాని ముందే కూర్చుని అమృత సామాన్ల అచ్చులు (మౌల్డులు) చేసే కంపెనీలకు డ్రాయింగులు గీస్తుంది. ఈమధ్య డ్రాయింగు పెద్దదైతే చాలు, సగంలో కంప్యూటర్ బిగుసుకుపోతోంది. ఈ సాయంత్రంలోగా ఒకటి పంపితే ఇంట్లోనే ఉండి చేసుకునే పని ఖాయమవుతుంది. లేకపోతే రాయకోటకు, పుట్టింటికి పోవలసిందే. అన్న యతీశ్ పోయిన వారమే వచ్చి పిలిచాడు. ఈ పని సంగతి తేలనీ అని అమృతే ఆపింది.

ఆమె స్క్రూడ్రైవర్ తెచ్చింది. కేశవప్ప లేచి పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు.

“అది ఆడ పెట్టు.”

“సాయంకాలానికి పంపకుంటే పని పోతాది మామా.”

“పోతే పోనీ! ఆ స్క్రూలు నా కొడుకు తిప్పినవి. వాని చెయ్యి ఇంకా ఆడే ఉండాది.”

అమృత ఇంతవరకు మామకు ఎదురు చెప్పిన పిల్ల కాదు. ఆ రోజు చెప్పింది.

“మీకు కొడుకైతే నాకేమీ కాడా? ఆ చెయ్యి పట్టుకోనే ఈ ఇంటికి వచ్చినాను. మీరు ఏడాదికొకసారి సాంబ్రాణి వేస్తారు. నేను దినామూ దాని ముందర కూర్చోని బతకాల. ఈ పని పోయిందంటే మా అన్న బండి తెస్తాడు, నేను పోతాను. అప్పుడు మీరూ ఈ పెట్టే ఉండండి!”

సుబ్బక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

“ఏమయ్యా, పోయినోని కోసరం ఉండే బిడ్డను గూడా పోగొట్టుకుంటావా?”

కేశవప్ప సరేననలేదు. పోయి గడప మీద కూర్చున్నాడు, అంతే.

అమృత స్క్రూలు విప్పింది. పక్కరేకు తీయగానే దుమ్ముతో పాటు విభూతి పొడిపొడిగా రాలింది. కుంచెతో తుడిచి, ర్యామ్‌ను మెల్లగా పైకి లాగి, దాని మీది చీటీ చదివింది. డీడీఆర్ త్రీ. మామ తెచ్చింది డీడీఆర్ ఫోర్, ఆ తర్వాతి రకం.

కేశవప్ప ఉండబట్టలేక మెడ చాచి చూశాడు.

“ఆ పక్కన మూడు గాళ్ళు ఉత్తగా ఉండాయే. ఏమన్నా ఊడిపోయినాయా?”

“ఊడిపోలేదు మామా. ఆయనే ఒకదాంట్లో పెట్టి మూడు వదిలినాడు. నీకు పని పెరిగితే పెట్టుకుందువులే అని, నాలుగు గాళ్ళుండే బోర్డే కావాలని వెతికి తెచ్చినాడు. రెండుండేది చాలులే అంటే విన్లేదు.”

కొడుకు ఈ పిల్ల రేపటి కోసం చోటు వదిలి పోతే, తండ్రి ఆ చోటుకే అడ్డం నిలబడ్డాడు. సిగ్గుతో, దుఃఖంతో ముసలాయన తువ్వాలులో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. సుబ్బక్క వచ్చి పక్కన కూర్చుంది. ఆమె కూడా ఆపుకోలేకపోయింది.

కాసేపటికి ముఖం కడుక్కుని, “అది నాకియ్యి. నేనే పోయి మార్చుకొస్తా” అన్నాడు.

అట్టపెట్టె జేబులో వేసుకుని, పాత ర్యామ్‌ను ఉతికిన గుడ్డలో చుట్టుకుని హోసూరు బస్సెక్కాడు. అంగడి ధనుంజయ్ దాన్ని తిప్పి చూసి, “పాతది పట్టుకొని రమ్మని నిన్ననే చెప్పినా గదప్పా” అంటూ అదే రకం, అదే వేగం ఉన్నది వెతికి తీశాడు.

“ఎవురిది సిస్టం?”

“మా కోడలిది” అన్నాడు కేశవప్ప.

మధ్యాహ్నానికల్లా పాత ర్యామూ కొత్తదీ పక్కపక్కన కూర్చున్నాయి. డ్రాయింగు బిగుసుకోకుండా తెరుచుకుంది. అమృత తలెత్తకుండా పని చేసి, పొద్దు వాలకముందే పంపింది. తర్వాత అన్నకు ఫోన్ చేసింది.

“అన్నా, బండి తేవద్దు. నేను ఈడే ఉంటాను.”

ఆ మాట విని కేశవప్ప పక్కరేకు తెచ్చి పెట్టెకు ఆనించి పట్టుకున్నాడు. అమృత ఒక్కొక్క స్క్రూ తిప్పడం మొదలుపెట్టింది.

“మరీ గట్టిగా బిగించొద్దులేమ్మా” అన్నాడాయన. “లోపల ఇంకా రెండు ఖాళీ ఉండాయి గదా.”

అమృత కళ్ళు తుడుచుకుని స్క్రూ అర చుట్టు వదులు చేసింది.