పొంగని పుడ్డింగులు

ఇంగ్లండులోని బార్న్‌స్లీ మార్కెట్ వెనక వీధిలోని డిటెక్టివ్ ఆర్మిటేజ్ ఆఫీసులోకి కీరన్ వచ్చి, కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు. సహాయకురాలు నోరీన్ వేడి టీ తెచ్చి ముందు పెట్టింది.

కీరన్ గ్యాస్ మెకానిక్. తను పెళ్లాడబోయే బెథ్ ఇంట్లో, ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్‌ను వేసవిలో తనే బిగించాడు. చలి మొదలైన దగ్గర్నుంచి అది ఆదివారం ఆదివారం ఆరిపోతోంది. సోమవారం వెళ్లి చూస్తే గ్యాస్ ఒత్తిడి సరిగ్గానే ఉంటోంది. బెథ్ తండ్రి గ్రాహం విసిగిపోయాడు. ఈ ఆదివారం కూడా ఆరితే లైసెన్సు ఇచ్చినవాళ్లకు ఫిర్యాదు చేస్తానన్నాడు.

“లైసెన్సు పోతే నా పని పోతుంది సార్. పని చేతగానివాడు నా ఇంటి అల్లుడేంటని అప్పుడే అనేశాడాయన.”

ఆదివారం నువ్వే ఉండి చూడొచ్చుగా అని ఆర్మిటేజ్ అడిగాడు. మధ్యాహ్నం భోజనానికి తనను పిలవడం మానేశారని కీరన్ తల వంచుకుని చెప్పాడు.

“బాయిలర్‌కి వారాలు తెలుస్తాయా, నోరీన్?”

“తెలియవు సార్.”

“అయితే తెలిసినవాళ్లెవరో ఆ ఇంట్లోనే ఉన్నారు.”

ఇలాంటి మాట తనకెందుకు ముందుగా తట్టదా అని నోరీన్ ఎప్పటిలాగే అనుకుంది.

ఆదివారం ముగ్గురూ వెళ్లేటప్పటికి ఇల్లు వెచ్చగానే ఉంది. గ్రాహం కీరన్ వంక చూడకుండా తలుపు తీశాడు. బెథ్ మేడ మీద తన గదిలో, ఆమె తమ్ముడు ఇంకో గదిలో ఉన్నారు. వంటింట్లో బెథ్ తల్లి షీలా మాంసం కాల్చడం అయి, దాంతో తినడానికి గ్యాస్ ఓవెన్లో పొంగించే పుడ్డింగుల కోసం జారుపిండి కలుపుతోంది. ఆమె దిగులు బాయిలర్ గురించి కాదు.

“పక్కింటి హేజెల్ పుడ్డింగులు టోపీల్లా పొంగుతాయి. నావి చూడండి, ఆదివారమొస్తే చతికిలబడతాయి. మొన్న బుధవారం చేస్తే బాగానే పొంగాయి. ఆవిడ ముందు తలెత్తుకోలేకపోతున్నా.”

ఆర్మిటేజ్ ఈ సంగతి శ్రద్ధగా రెండోసారి చెప్పించుకున్నాడు. నోరీన్‌కి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది.

ముందు గదిలో షీలా తండ్రి క్లిఫర్డ్ మోకాళ్ల మీద కూర్చుని బొగ్గు పొయ్యిలో కాగితాలు మెలిపెట్టి, పుల్లలు, బొగ్గులు పేరుస్తున్నాడు. ఆయన పాత గని కార్మికుడు. గని మూతపడినా, అందులో పనిచేసినవాళ్లకు రావలసిన ఉచిత బొగ్గు ఆయనకు ఇంకా వస్తూనే ఉంది. నోరీన్ చేయి కలిపితే ఆమె అరచేతికి మసి అంటుకుంది.

కాసేపటికి బాయిలర్ ఆరిపోయింది. కీరన్ పనిముట్ల సంచి తెరిచాడు. గ్యాస్ ఒత్తిడి కొలిచే వంగిన గాజు గొట్టంలో నీళ్లు పోసి బాయిలర్‌కి తగిలించాడు. ఇంట్లో ఏ గ్యాస్ మంటా లేనప్పుడు నీళ్లు ఉండాల్సిన ఎత్తులోనే నిలిచాయి. ఓవెన్ వెలిగించగానే కిందికి జారిపోయాయి.

“గ్యాస్ వస్తోంది సార్. కానీ దారి ఎక్కడో ఇరుకైంది.”

అతను మీటరున్న మెట్ల కిందకి కదలబోతే ఆర్మిటేజ్ భుజం పట్టి ఆపాడు. తనొక్కడే వెళ్లి చూసి వచ్చాడు.

ఇంటివాళ్లను సమావేశపరచాల్సిన పని ఆయనకు పడలేదు. చలికి బెథ్ దుప్పటి కప్పుకుని కిందికి దిగింది. వెనకే తమ్ముడూ వచ్చాడు. చతికిలబడ్డ పుడ్డింగుల పళ్లెంతో షీలా, గొణుగుతూ గ్రాహం, అందరూ మండుతున్న బొగ్గుల ముందుకే చేరారు.

“బాయిలర్ ఒక్కటే ఆరితే కీరన్‌ని అనుమానించాలి. ఓవెన్ సరిగ్గా వేడెక్కక పుడ్డింగులు కూడా పొంగలేదంటే లోపం ఇంట్లోకి గ్యాస్ వచ్చే దారిలో ఉంది. పక్కింట్లో పొంగుతున్నాయి కాబట్టి వీధి గొట్టం బాగానే ఉంది. ఇక మిగిలింది మెట్ల కింద మీటరు. అక్కడ గ్యాస్ తెరిచి మూసే పిడి గొట్టం వెంబడి ఉండాలి. ఇప్పుడు వాలుగా ఉంది. దాని మీద మసి ఉంది.”

నోరీన్ తన అరచేతికి అంటిన మసి వైపు చూసుకుంది.

“ఇల్లు వెచ్చగా ఉండగానే పొయ్యి పేర్చినవారికి చలి రాబోతోందని ముందే తెలుసు. కారణం అడగక్కర్లేదు. ఈ గదిలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో చూడండి.”

క్లిఫర్డ్ చేతులు ఒడిలో పెట్టుకున్నాడు. పడుకునే ముందు మళ్లీ సరిచేసేవాణ్ణని మెల్లగా చెప్పాడు. అందుకే సోమవారం కీరన్‌కి ఏమీ దొరికేది కాదు.

“ఆ బాయిలర్ బిగించాక ఎవరి గదిలో వాళ్లే. ఇక్కడికి నేనూ పిల్లీ తప్ప ఎవరొస్తున్నారు?”

“ఈ అబ్బాయి పనికే ఎసరొచ్చింది, మామయ్యా,” అన్నాడు గ్రాహం.

“నాకెవరు చెప్పారు? ఈ గదిలో కూర్చుని చెప్పుంటే తెలిసేది.”

గ్రాహం పొయ్యి దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు. కీరన్ వైపు తిరిగి, నిన్ను తప్పుగా అనుకున్నానన్నాడు. కీరన్ మెట్ల కిందకి వెళ్లి పిడి సరిచేశాడు. బాయిలర్ మళ్లీ వెలిగిన చప్పుడు వినిపించింది. గ్రాహం లేచి వెళ్లి, గోడ మీద మీట నొక్కి దాన్ని ఆపేశాడు.

“ఇకనుంచి ఆదివారాలు నేనే ఆపుతా. మీరు మాత్రం మీటరు జోలికి పోవద్దు మామయ్యా.”

షీలా మిగిలిన పిండి ఓవెన్లో పెట్టి తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడింది. ఒక పుడ్డింగు అంచు దాటి లేవగానే హేజెల్‌ని పిలవమంది.

క్లిఫర్డ్ బొగ్గు బకెట్టు కీరన్ వైపు తోశాడు.

“మంట అణగకుండా చూడ్డం వచ్చా నీకు?”

“గ్యాస్ మంటయితే వచ్చు, తాతయ్యా.”

“అదీ ఒక మంటేనా? ఇలా రా. ముందు కూర్చో.”